నీళ్ళు కారని చలికాలం సలాడ్

హైదరాబాద్‌లో పచ్చి కూరగాయలు ఇష్టంగా తినాలంటే నవంబర్ చివరి నుంచి శివరాత్రి దాకా ఉన్న రోజులే రోజులు. ఎండలు ముదిరాక అందరికీ సలాడ్ మీద మనసు పుడుతుంది కానీ, అప్పటికి ముల్లంగి ఘాటెక్కి ఉంటుంది. కొత్తిమీర మార్కెట్ నుంచి ఇంటికి వచ్చేలోపే తల వాలుస్తుంది. పచ్చి బఠాణీ కాయ కంటికి కనిపించదు. రాత్రిపూట చలి 15 డిగ్రీల దాకా, కొన్నిసార్లు అంతకంటే కిందికి దిగే ఈ కొద్ది నెలల్లోనే క్యారెట్ తియ్యగా, ముల్లంగి రసంగా, క్యాబేజీ రాయిలా గట్టిగా దొరుకుతాయి. సరిగ్గా అప్పుడే నాగపూర్ కమలా పండ్లు తోపుడు బండ్ల మీదికి వస్తాయి. ఈ కూరగాయలనూ ఆ పండ్లనూ ఒకే పళ్ళెంలోకి ఎలా తేవాలో చెబుతాను.

మేముండేది వనస్థలిపురంలో. నా పుట్టిల్లు నల్గొండ పక్కన పల్లె, అన్నయ్యకు బత్తాయి తోట ఉంది. కాబట్టి బత్తాయి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఓపిక పట్టండి.

ముందు ఒక్క మాట. ఇళ్ళలో చేసే సలాడ్ ఎక్కువగా పాడయ్యేది నీళ్ళ వల్ల. కోసి, ఉప్పు చల్లి, నిమ్మకాయ పిండి టేబుల్ మీద పెట్టిన పావుగంటకు గిన్నె అడుగున నీళ్ళు చేరతాయి. పైన ముక్కలు మెత్తబడి, రుచంతా ఆ నీళ్ళలోకి దిగిపోయి ఉంటుంది. దీనికి పండు కూడా కలిస్తే ఇక చెప్పనక్కర్లేదు. అందుకే నేను చేసే ప్రతి పనికీ ఒకటే లెక్క: ముక్కలో ఉన్న నీరు నోట్లోకి వెళ్ళేదాకా ముక్కలోనే ఉండాలి. కొనడం, కడగడం, కోయడం, కలపడం అన్నీ ఆ లెక్క ప్రకారమే.

ఏం కొనాలి

నలుగురికి సరిపడా చెబుతున్నాను. క్యారెట్ రెండు మూడు, అంటే పావు కిలోకు కాస్త తక్కువ. లేత ముల్లంగి ఒకటి. బఠాణీ కాయలు అర కిలో, ఒలిస్తే దాదాపు సగం బరువు గింజలు వస్తాయి. క్యాబేజీ సన్నగా తరిగింది ఒక పెద్ద కప్పు. కీర ఒకటి. ఉల్లికాడలు నాలుగు. కొత్తిమీర చిన్న కట్ట, పుదీనా గుప్పెడు. పండ్లలో బత్తాయిలు రెండు, కమలాలు రెండు, నిమ్మకాయ ఒకటి. పల్లీలు మూడు పెద్ద చెంచాలు, నువ్వులు ఒకటి. గానుగ పల్లీ నూనె గానీ నువ్వుల నూనె గానీ రెండు పెద్ద చెంచాలు. పచ్చిమిర్చి, చిన్న అల్లం ముక్క, మిరియాలు, జీలకర్ర, ఉప్పు ఇంట్లో ఉండేవే.

టమాటా వేయను. ఈ కాలంలో టమాటాలు బాగుంటాయి, నిజమే. కానీ పండ్ల పులుపు ఉండగా ఇంకో పులుపెందుకు? పైగా ముక్క కోసిన క్షణం నుంచి కారడం మొదలుపెడుతుంది. దాన్ని పప్పులో వేసుకుందాం.

రైతు బజారుకు పొద్దున్నే వెళ్ళడం మేలు. 1999లో ఈ బజార్లు మొదలైనప్పటి నుంచీ బోర్డు మీద ఆ రోజు ధర రాసి పెట్టడం ఉంది కాబట్టి బేరాల టెన్షన్ లేదు, మన దృష్టంతా సరుకు మీద పెట్టొచ్చు. ముల్లంగిని ఆకులతోనే కొనండి. ఆకు నిగనిగలాడుతుంటే దుంప తాజాది. గోటితో నొక్కితే టక్కున దిగాలి, నీరు ఊరాలి. లావు ముల్లంగి లోపల బెండు పట్టి ఉంటుంది, వద్దు. ఇంటికి రాగానే ఆకులు తుంచేయండి. లేకపోతే అవి దుంపలోని నీటిని లాగేస్తూనే ఉంటాయి. ఆ ఆకులు పప్పులోకి బాగుంటాయి.

క్యారెట్ ఈ కాలంలో రెండు రకాలు దొరుకుతుంది. ఏడాదంతా వచ్చే నారింజ రంగుది ఒకటి, చలికాలంలో మాత్రమే వచ్చే పొడుగాటి ఎర్రటి ఢిల్లీ క్యారెట్ ఒకటి. జనం ఎర్రదాన్ని హల్వాకే కొంటారు. పచ్చిగా తిని చూడండి, నారింజ రంగుదాని కంటే రసం ఎక్కువ, తీపి ఎక్కువ. నేను సలాడ్‌కు అదే వాడతాను. చలి తగిలిన క్యారెట్‌లో చక్కెర పెరుగుతుంది, ఆ తీపి అందుకే.

బఠాణీ గురించి చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. కాయ కోసినప్పటి నుంచీ గింజలోని చక్కెర పిండి పదార్థంగా మారిపోతూ ఉంటుంది. ఒలిచి కవర్లో కట్టి అమ్మే గింజలు చూడటానికి పచ్చగానే ఉంటాయి, నోట్లో వేసుకుంటే పిండి పిండిగా తగులుతాయి. కాయలే కొని, వాడే రోజునే ఒలవండి. ఇంట్లో పిల్లలుంటే ఒలిచే పని వాళ్ళకు అప్పగించండి. సగం తినేస్తారు, తిననివ్వండి.

బత్తాయి, కమలా

బత్తాయికి రంగు చూడొద్దు. పచ్చగా ఉంటే పులుపని, పసుపు రంగుకు తిరిగితేనే తీపని అనుకుంటారు. నల్గొండ బత్తాయి చెట్టు మీద పూర్తిగా పండాక కూడా పచ్చ ఛాయ వదలదు. ఈ జాతి పండ్ల తొక్కలో పచ్చదనం పోవాలంటే రాత్రుళ్ళు బాగా చల్లబడాలి. మన వైపు కోత సమయానికి అంత చలి ఉండదు, కాబట్టి లోపల తీపి వచ్చినా పైన పచ్చగానే మిగులుతుంది. మరి ఎలా ఎంచుకోవాలి? అన్నయ్య ఎప్పుడూ రెండు పండ్లు రెండు చేతుల్లోకి తీసుకుంటాడు. ఒకే సైజులో ఏది బరువుగా ఉంటే దాన్ని ఉంచుకుంటాడు. బరువంటే రసమే. తొక్క నున్నగా, సన్నటి చుక్కలతో ఉన్నది పలుచగా ఉంటుంది. గరుకుగా, మందంగా కనిపించేది తొక్కే ఎక్కువ తూగుతుంది.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారం వెళ్ళాక మా వైపు వాళ్ళకు విజయవాడ హైవే మీదే బత్తాయి దొరకడం తేలికైంది. అంత దూరం వెళ్ళే పని లేదు, మీ వీధి చివర జ్యూస్ బండి అతన్ని అడిగి చూడండి. రోజూ పిండేవాడు కాబట్టి ఏ లోడు రసంగా ఉందో అతనికి బాగా తెలుసు.

కమలాకు ఒకటే పరీక్ష. తొక్క వదులుగా ఉండటం దాని గుణమే. కానీ నొక్కితే లోపల ఖాళీ తగిలి, చేతికి తేలిగ్గా అనిపిస్తే తొనలు ఎండిపోయి ఉంటాయి. అలాంటివి ఒక్కటి కూడా ఏరుకోకండి.

ఇప్పుడు అసలు విషయం, చేదు. బత్తాయి రసం తీసి కాసేపు పక్కన పెడితే చేదెక్కడం మనందరికీ తెలుసు. ఎందుకలా అవుతుందో తెలిస్తే సలాడ్ ఎలా చేయాలో దానంతటదే అర్థమవుతుంది. పండు చెక్కు చెదరకుండా ఉన్నంతసేపూ ఆ చేదు పదార్థం రుచి లేని రూపంలో ఉంటుంది. కోసి, నలిపి, పొరలు చితికితే పండులోని పులుపు దాన్ని మెల్లగా లిమోనిన్‌గా మారుస్తుంది. నాలుకకు తగిలే చేదు అదే. గింజల్లో, తెల్లటి పొరల్లో ఇది ఎక్కువ. కాబట్టి మూడు జాగ్రత్తలు చాలు: పండును తినే ముందే కోయాలి, తెల్ల పొర ఉంచకూడదు, గింజ చితకకూడదు. మిక్సీ జోలికి అస్సలు వెళ్ళొద్దు.

తొనలు తీసే పద్ధతి చదవడానికి కష్టంగా ఉంటుంది, చేతికి అలవాటైతే బత్తాయికి రెండు నిమిషాలు. బాగా పదునున్న చిన్న చాకు కావాలి. పండు పైనా కిందా ఒక్కో చెక్క కోసేయండి, లోపలి తొనలు కనిపించాలి. దాన్ని పీట మీద నిలబెట్టి, పైనుంచి కిందికి పండు గుండ్రదనం వెంబడే తొక్కను, దాని కింది తెల్ల పొరను కలిపి చెక్కుతూ రండి. ఎక్కడైనా తెల్లగా మిగిలితే మళ్ళీ ఒకసారి చెక్కండి. ఇప్పుడు పండును ఎడమ చేతిలో పట్టుకుని, కింద గిన్నె పెట్టుకోండి. తొనకు తొనకు మధ్య పొర గీతలా కనిపిస్తుంది. ఆ గీతకు ఇటు ఒక గాటు, అటు ఒక గాటు పెడితే మధ్యలోని కండ విడిగా ఊడి వస్తుంది. గింజలుంటే చాకు మొనతో తీసేయండి. అన్నీ అయ్యాక చేతిలో పొరల ముద్ద మిగులుతుంది. దాన్ని గిన్నెలోకి మెల్లగా ఒక్కసారి పిండండి. గట్టిగా మెలిపెట్టి పిండితే పొరల్లోని చేదంతా దిగుతుంది. అలా వచ్చిన నాలుగైదు చెంచాల రసమే మన డ్రెస్సింగ్‌కు, అంటే ముక్కలకు పట్టించే పులుపు, నూనె, మసాలాల కలయికకు ఆధారం.

కమలా పొర పలుచన. చేత్తో ఒలిచి, తొనలు విడదీసి, నార తీసి, గింజ ఉన్న లోపలి అంచు చీల్చి గింజ తీస్తే చాలు. పెద్దవాళ్ళకు, చిన్నపిల్లలకు పెట్టేటప్పుడు పొర కూడా తీయండి.

బత్తాయి కోసే ముందు ఇంకో చిన్న పని. పండును గోరువెచ్చటి నీళ్ళలో రుద్ది కడిగి, పైనున్న రంగు తొక్కను మాత్రం సన్న తురుము పీట మీద రెండు మూడు సార్లు గీయండి. అర చెంచా వస్తే చాలు. సువాసన ఇచ్చే నూనె అంతా ఆ పై పొరలోనే ఉంటుంది. తెల్లదాకా గీస్తే మళ్ళీ చేదే.

కడగడం, ఆరబెట్టడం, కోయడం

పచ్చిగా తినేదాని శుభ్రత విషయంలో రాజీ లేదు. మూసీ ఒడ్డున మురుగు నీళ్ళతో ఆకుకూరలు పండుతాయని ఈ నగరంలో తెలియనివారు లేరు. ఏ కట్ట ఎక్కడిదో మనకు తెలియదు. అందుకే పాలకూర, తోటకూర లాంటివి నేను పచ్చిగా వాడను. కొత్తిమీర, పుదీనా కూడా వేర్లు కోసేసి, పెద్ద గిన్నెడు నీళ్ళలో ముంచి కదిపి, అడుగున ఇసుక కనిపించనంత వరకు నీళ్ళు మారుస్తాను. చివర ధారగా పడే మంచి నీళ్ళ కింద ఒకసారి పట్టాలి. క్యాబేజీకి పై ఆకులు మూడు నాలుగు తీసేసి, మిగతా ఆకులు విడదీసి ఒక్కొక్కటీ కడగాలి. గడ్డ మీద నీళ్ళు పోస్తే లోపలికి పోవు.

కడిగాక చల్లటి నీళ్ళలో ఇరవై నిమిషాలు. క్యారెట్, ముల్లంగిని చెక్కు తీసి, కోరుకున్న ఆకారంలో కోశాక ఈ నీళ్ళలో వేయండి. నాలుగు ఐసు ముక్కలు కూడా వేస్తే మంచిది. మార్కెట్‌లో వాడిన కణాల్లోకి నీరు తిరిగి చేరి ముక్క బిర్రుగా అవుతుంది, కొరికితే కరకరమంటుంది. ముల్లంగి ఘాటు కూడా కొంత నీళ్ళలోకి పోతుంది. ఆ ఘాటు చాలావరకు తొక్కలో ఉంటుంది కాబట్టి పిల్లలకైతే చెక్కు కాస్త లోతుగా తీయండి.

నీళ్ళలోంచి తీశాక చిల్లుల గిన్నెలో పది నిమిషాలు వంచి, తర్వాత పాత కాటన్ చీర ముక్కలోనో తువాలులోనో పరిచి, చుట్టి, మెల్లగా అద్దండి. ఈ ఒక్క పని దగ్గర బద్ధకిస్తే మిగతాదంతా వృథా. తడి ముక్కకు నూనె అంటదు, పులుపు అంటదు, మసాలా జారి అడుక్కు పోతుంది.

క్యారెట్‌ను తురమకండి. తురిమితే కణాలన్నీ చితికి రసం కారుతుంది. పీలర్‌తోనే పొడుగ్గా రిబ్బన్లలా తీయండి, లేదా అగ్గిపుల్లల్లా సన్నగా కోయండి. ముల్లంగి పలుచటి చక్రాలుగా. కీరను నిలువుగా రెండుగా చీల్చి, చెంచాతో మధ్య గింజల భాగం గీకి తీసేయాలి. నీళ్ళన్నీ అక్కడే ఉంటాయి. చాకు పదునుగా ఉండాలని మళ్ళీ చెబుతున్నాను. మొద్దు చాకు కోయదు, నలుపుతుంది.

క్యాబేజీది వేరే దారి. దాని నీరు ముందే బయటికి రప్పించాలి. వీలైనంత సన్నగా తరిగి, పావు చెంచా ఉప్పు వేసి చేత్తో పిసికి పావుగంట వదిలేయండి. ఊరిన నీళ్ళు గట్టిగా పిండి పారబోయండి. పచ్చి వాసన తగ్గుతుంది, ఆకు మెత్తబడినా కరకర పోదు. ఈ ఉప్పును డ్రెస్సింగ్ ఉప్పులోంచి తగ్గించుకోండి.

బఠాణీ మరీ లేతగా ఉంటే పచ్చిగానే వేసేయొచ్చు. కాస్త ముదిరితే, మరిగే ఉప్పు నీళ్ళలో రెండు నిమిషాలు ఉంచి వెంటనే చల్ల నీళ్ళలోకి తీయండి. మూత పెట్టకండి, రంగు మాసిపోతుంది. సంక్రాంతి ముందు అనపకాయలు దొరికితే బఠాణీకి బదులు అవే వేస్తాను. వాటిని మాత్రం ఉప్పేసి మెత్తగా ఉడికించి, నీళ్ళు వంచేసి, చల్లారాకే వాడాలి. అనప గింజ పచ్చిగా తినేది కాదు.

ఉల్లిపాయ బదులు ఉల్లికాడలు. కమలా పక్కన పచ్చి ఉల్లి ఘాటు ఎక్కువైపోతుంది.

డ్రెస్సింగ్

జామ్ సీసా లాంటి మూత గట్టిగా ఉన్న చిన్న గాజు సీసా తీసుకోండి. ముందు బత్తాయి పొరల నుంచి పిండిన రసం పోసి, అందులో ఒక పెద్ద చెంచా నిమ్మరసం కలపండి. బత్తాయి ఒక్కటే అయితే తీపి ఎక్కువై చప్పగా ఉంటుంది, నిమ్మ దాన్ని నిలబెడుతుంది. ఇప్పుడు అర చెంచా ఉప్పు వేసి కరిగేదాకా కదపండి. ఉప్పు నూనెలో కరగదు, అందుకే రసంలోనే ముందు కరిగించాలి. తర్వాత దంచిన మిరియాలు అర చెంచా, వేయించి పొడి చేసిన జీలకర్ర అర చెంచా, అల్లం తురుము పావు చెంచా, చీల్చి గింజ తీసి సన్నగా తరిగిన పచ్చిమిర్చి ఒకటి, పక్కన పెట్టిన తొక్క తురుము. చివర నూనె పోసి, మూత బిగించి బాగా గిలకొట్టండి. చిక్కబడి లేత పసుపు రంగుకు వస్తుంది. వెంటనే వాడాలి, నిలవ ఉంచితే విడిపోతుంది, చేదెక్కుతుంది.

నూనె మానేద్దామని కొందరంటారు. క్యారెట్‌లో ఎర్రదనం, పసుపుదనం ఇచ్చే పదార్థాలను మన ఒళ్ళు పట్టించుకోవాలంటే కొంచెం కొవ్వు ఉండాలి. పైగా నూనె పొర ముక్కను కప్పి ఉంచితే ఉప్పు దాని నీటిని అంత త్వరగా లాగలేదు. ఆలివ్ నూనె కొననవసరం లేదు. మంచి గానుగ పల్లీ నూనె వాసన కమలాకు ఎంత నప్పుతుందో ఒకసారి చూస్తే మీకే తెలుస్తుంది.

పోపు ఇష్టమైతే, పుదీనా మానేసి ఆ నూనెలో ఒక చెంచాతో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెట్టుకోండి. పూర్తిగా చల్లారాకే కలపాలి. వేడి నూనె పడితే కమలా తొన ఉడికిన వాసన వస్తుంది. పోపూ పుదీనా రెండూ పెడితే ఒకదాన్నొకటి చంపుకుంటాయి.

కలపడం

లోతు గిన్నె వద్దు, వెడల్పాటి స్టీలు పళ్ళెమో పింగాణీదో తీసుకోండి. పై బరువుకు కింది తొనలు చితక్కుండా ఉంటాయి. అల్యూమినియం, ఇత్తడి పాత్రలు పులుపుకు పనికిరావు.

అందరూ తినడానికి కూర్చున్నాకే మొదలుపెట్టండి. క్యారెట్, ముల్లంగి, క్యాబేజీ, బఠాణీ వేసి, డ్రెస్సింగ్‌లో మూడొంతులు పోసి చేతులతో కలపండి. ప్రతి ముక్కకూ పట్టిందో లేదో చేతికే తెలుస్తుంది. తర్వాత కీర, ఉల్లికాడలు. వాటి మీద బత్తాయి, కమలా తొనలు పరవండి, ఇక గరిటె పెట్టొద్దు. మిగిలిన డ్రెస్సింగ్ పైన చల్లి, కొత్తిమీర, పుదీనా ఆకులు తుంచి వేయండి. ఆఖరున, దోరగా వేయించి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, వేయించిన నువ్వులు. ఎంత జాగ్రత్త పడ్డా తినేలోపు కాస్త రసం ఊరుతుంది. దాన్ని ఈ పల్లీ పొడి పీల్చుకుని ముక్కలకు అంటుకుంటుంది. పొడి మరీ మెత్తగా ఉంటే ముద్దవుతుంది, బరకగానే ఉండాలి. వేయించిన నువ్వులు చలికాలంలో మనకు ఎలాగూ అలవాటే, సంక్రాంతికి సజ్జ రొట్టె మీద అద్దుకునేవే ఇవి.

బీట్‌రూట్ వేయాలనుంటే వేరే గిన్నెలో సన్నగా కోసి, చెంచాడు నూనె పట్టించి, పళ్ళెంలో ఒక మూలన పెట్టండి. అన్నిటితో కలిపితే తొనలు కూడా ఎర్రబడి ఏది ఏదో తెలియదు.

మా ఇంట్లో రాత్రిపూట వేడి జొన్న రొట్టె, ముద్దపప్పు పక్కన ఇదే కూర అనుకోండి. ఆదివారం బిర్యానీ ఉంటే పల్లీలు, నువ్వులు మానేస్తాను. మిర్చీ కా సాలన్‌లో అవి రెండూ ఎలాగూ ఉంటాయి. ఆ రోజు నిమ్మ కాస్త పెంచి, కొత్తిమీర ఎక్కువ వేస్తే చాలు.

ఆఫీసు డబ్బా

మా పెద్దమ్మాయి ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి రాయదుర్గం వెళ్తుంది. పొద్దున ఏడున్నరకు కట్టిన డబ్బా ఒంటిగంటకు తెరుస్తుంది. దానికి పద్ధతి మార్చాలి. బత్తాయి పెట్టను, కమలా తొనలు పొర తీయకుండా మొత్తంగా పెడతాను. ఆ పొరే రసాన్ని పట్టి ఉంచుతుంది. కీర ఉండదు. డబ్బా అడుగున మడిచిన టిష్యూ కాగితం, దాని మీద ఆరబెట్టిన క్యారెట్, ముల్లంగి, బఠాణీ, పైన తొనలు. పల్లీ పొడి చిన్న పొట్లంలో. డ్రెస్సింగ్ బదులు సగం నిమ్మకాయ, ఉప్పు మిరియాలు కలిపిన నూనె చిన్న సీసాలో. తినేటప్పుడు నిమ్మకాయ పిండుకుని కలుపుకుంటుంది. పొద్దున కట్టినట్టే ఉంటుందని దాని మాట.

చల్లటివి వద్దనే పెద్దవాళ్ళకు

"ఇంత చలిలో పచ్చివేంటమ్మా, దగ్గు పట్టుకుంటది" అని మా అత్తమ్మ. జలుబు వైరస్ వల్ల వస్తుంది, బత్తాయి వల్ల రాదు. అలాగని బత్తాయి జలుబును ఆపేస్తుందని కూడా నేను చెప్పను. కానీ ఆవిడకు చల్లటి ముక్క పంటికి తగిలితే జివ్వుమంటుంది, అది నిజమైన ఇబ్బంది. అందుకే పండ్లను ఫ్రిజ్‌లో పెట్టను. చలికాలంలో బత్తాయి, కమలా గాలి తగిలే బుట్టలో వారం రోజులు బాగుంటాయి.

ఆవిడ కోసం వేడిగా ఇంకోటి చేస్తాను. రెండు చిలగడదుంపలు ఆవిరి మీద ఉడికించి, తొక్క తీసి అంగుళం ముక్కలు కోసి, పెనం మీద చెంచా నూనెతో అంచులు ఎర్రబడేలా కాల్చాలి. దించాక మిరియాలు, వేయించిన జీలకర్ర, ఉప్పు, అర చెక్క నిమ్మరసం. గోరువెచ్చగా అయ్యాక కమలా తొనలు, లేత మెంతికూర నాలుగు రెమ్మలు. చిన్న కట్టలుగా అమ్మే ఇసుక మెంతికూర ఇందుకు బాగుంటుంది. దాన్ని బాగా కడిగి, పెనం మీద ఒక్క తిప్పు తిప్పి వేస్తాను. తీపి దుంపకు ఆ చిరుచేదు, కమలా పులుపు కలిస్తే రుచి చాలా బాగా కుదురుతుంది. అత్తమ్మ దీన్ని అడిగి చేయించుకుంటుంది.

మా ఆయనకు షుగర్ ఉంది. ఆయనకు రసం ఇవ్వకుండా తొనలే పెడతాను, అదీ ఒక పండు వరకే. పీచుతో పాటు తింటే చక్కెర ఒక్కసారిగా ఎక్కదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం సి విటమిన్ రోజుకు మగవాళ్ళకు 80, ఆడవాళ్ళకు 65 మిల్లీగ్రాములు కావాలి. ఈ పండ్లలో 100 గ్రాములకు సుమారు 50 దాకా ఉంటుంది కాబట్టి ఒక పళ్ళెంతోనే చాలావరకు తీరుతుంది. బఠాణీ, పల్లీలు, నువ్వుల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి కూడా ఆ విటమిన్ సాయపడుతుంది.

పంపర పనస దొరికితే దాంతోనూ చేయొచ్చు. దాని కండ పొడిపొడిగా విడిపోతుంది, నీరు కారదు, క్యాబేజీ పల్లీలతో అద్భుతంగా ఉంటుంది. పొర మాత్రం ఇసుమంత కూడా ఉండకూడదు, చాలా చేదు. ఒక హెచ్చరిక: పంపర పనస కొన్ని కొలెస్ట్రాల్, బీపీ మాత్రల ప్రభావాన్ని మార్చేస్తుంది. అలాంటి మందులు వాడేవాళ్ళు డాక్టరును అడిగాకే తినాలి. దబ్బకాయ రసం నిమ్మకు బదులు వాడొచ్చు, ఘాటైన సువాసన కాబట్టి సగం చాలు.

కలిపిన సలాడ్ మిగిలితే రేపటికి దాచకండి. తొనలు ఏరి తినేసి, మిగతా కూరగాయలు పిండి, మర్నాడు పొద్దున పెసరట్టు మీద ఉల్లిపాయలకు బదులు చల్లి కాల్చండి. క్యారెట్, క్యాబేజీకి పట్టిన పులుపు, జీలకర్ర పెసరట్టుకు బాగా నప్పుతాయి. ఇక వేరే చట్నీ అక్కర్లేదు.